చలికాలం పోటీకి వచ్చిన పేరులేని కాగితం

డిసెంబరు నెల ప్రవేశించిందంటే ఆదిలాబాదు ప్రాంతంలో ఫజ్ర్ వేళ పెద్దలకే పరీక్షగా ఉంటుంది, ఇక పిల్లల సంగతి చెప్పనవసరం లేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగే రాత్రులు మాకు కొత్త కావు. మా మద్రసా వసతి గృహంలో సుమారు నూట ఇరవై మంది విద్యార్థులు ఉంటారు. అజాన్‌కు అరగంట ముందు నేను వరండాలో నడుస్తుంటే ఒక గది నుండి దగ్గు, మరొక గది నుండి తుమ్ము వినిపిస్తుంటాయి. హౌజ్ దగ్గర నీటిలో వేలు ముంచి వెనక్కు తీసుకుంటున్న చిన్నపిల్లలు కనిపిస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఈ దృశ్యాన్ని చూస్తూనే ఉన్నాను. చూసీ చూసీ అది నా కంటికి అలవాటైపోయింది. ఆ అలవాటు ఎంత ప్రమాదకరమో గత చలికాలం మా పిల్లలు నిర్వహించిన ఒక చిన్న పోటీ నాకు నేర్పింది. ఆ ముచ్చటనే ఈ నెల పాఠకులతో పంచుకుంటున్నాను.

పోటీ ఆలోచన మాది కాదు. మా పక్కనే ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల నుండి అరువు తెచ్చుకున్నది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ కలిసి నడిపే ఇన్‌స్పైర్–మనక్ పథకం గురించి చాలామంది తల్లిదండ్రులు వినే ఉంటారు. పాఠశాల విద్యార్థులు తమ చుట్టూ కనిపించే ఒక సమస్యకు తమదైన పరిష్కారాన్ని ఆలోచించి పంపుతారు. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారు చేసుకోవడానికి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలో జమ అవుతాయి. ఆ పైన జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలు ఉంటాయి. ఆ పాఠశాల సైన్సు ఉపాధ్యాయులు ఒకనాడు సాయంత్రం మా వద్దకు వచ్చినప్పుడు, "మౌలానా, మీ పిల్లలకు కూడా ఇలాంటిది ఒకటి పెట్టరాదా?" అన్నారు. ఆ సమయంలో పక్క గదిలో ఎవరో బాలుడు ఆగకుండా దగ్గుతున్నాడు. నాజిమ్ సాహెబ్ నవ్వి, "అయితే విషయం వెతుక్కోనవసరం లేదు. చలికాలంలో ఆరోగ్యం!" అన్నారు.

నియమాలు మూడే పెట్టుకున్నాము. ఖర్చు మూడు వందల రూపాయలకు మించరాదు. నమూనా తయారు చేసి చూపాలి. కాగితం మీద పేరు, తరగతి స్పష్టంగా రాయాలి. న్యాయనిర్ణేతలుగా నేను, ఆ సైన్సు ఉపాధ్యాయులు, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యురాలు కూర్చోవాలని నిశ్చయించాము. పదిహేను రోజుల గడువులో ముప్పై ఒక్క కాగితాలు వచ్చాయి.

నల్ల డ్రమ్ము కథ

అన్నిటికంటే ఎక్కువ కాగితాలు వుజూ నీటి గురించే వచ్చాయి. అది సహజం. రోజుకు ఐదుసార్లు చేతులు, ముఖం, పాదాలు తడిపేవారికి చలికాలం మొదట తెలిసేది నీటిలోనే. ఇస్లాం ధర్మశాస్త్రం ఈ కష్టాన్ని గుర్తించి వెసులుబాట్లు కల్పించింది. వుజూ చేసుకొని తోలు మేజోళ్ళు తొడుక్కున్నవారు ఇంటి వద్ద ఒక పగలు, ఒక రాత్రి, ప్రయాణంలో మూడు పగళ్ళు, మూడు రాత్రులు పాదాలు కడగకుండా వాటిపై తడి చేత్తో తుడిస్తే చాలు. ఈ పాఠం మా విద్యార్థులందరికీ తెలుసు. కానీ తోలు మేజోళ్ళు ఎందరి వద్ద ఉంటాయి?

పదమూడు, పద్నాలుగేళ్ళ ముగ్గురు విద్యార్థులు కలిసి పాత ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి సంపాదించారు. దానికి నల్లరంగు పూసి, మేడ మీద దక్షిణం వైపు ఎండ తగిలే చోట నిలబెట్టి, పాత కిటికీ అద్దాలను ముందువైపు పెట్టెలా అమర్చారు. నలుపు ఎండను పీల్చుకుంటుంది. అద్దం ఎండను లోపలికి రానిస్తుంది గాని లోపలి వేడిని అంత తేలికగా బయటకు పోనివ్వదు. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. వారి సొంత ఆలోచన దీని తరువాత మొదలైంది. ఫజ్ర్‌కు కావలసింది మధ్యాహ్నపు వేడినీరు కాదు కదా! అందుకని అసర్ నమాజు కాగానే డ్రమ్ము చుట్టూ ఎండు జొన్న చొప్పను మందంగా పేర్చి, పైన గోనెసంచులు కప్పి తాడుతో బిగించేవారు. చొప్ప కాడల మధ్య చిక్కుకున్న గాలి వేడిని పట్టి ఉంచుతుంది. తెల్లవారుజామున ఆ నీరు వేడిగా ఉండేది కాదు, కానీ చేయి జివ్వుమనేది కాదు. అంతే కావలసింది. పక్క పంపు నీటిలో ఒక చేయి, డ్రమ్ము నీటిలో ఒక చేయి ముంచి చూసిన సైన్సు ఉపాధ్యాయులు చిన్నపిల్లవాడిలా నవ్వారు.

కుంపటి వద్దన్నాను

రెండు కాగితాలను మాత్రం చూడగానే పక్కన పెట్టేశాను. రెండింటిలోనూ గది మధ్యన బొగ్గుల కుంపటి పెట్టి, కిటికీలకు గోనెపట్టాలు బిగించే ఆలోచన ఉంది. ఒకరు పొగ రాని బొగ్గును వాడతామని ప్రత్యేకంగా రాశారు. ఆ మాట చదవగానే నాకు ముప్పై ఏళ్ళకు ముందు జరిగిన ఒక రాత్రి కళ్ళ ముందు నిలిచింది.

నేను ఉత్తరాదిన చదువుకుంటున్న రోజులవి. అక్కడి జనవరి మన చలి వంటిది కాదు. మేము నలుగురం ఒక చిన్న గదిలో ఉండేవారము. ఒకనాడు వంటశాల నుండి ఎర్రటి నిప్పులు అంగీఠీలో తెచ్చుకొని, తలుపు గడియ వేసి, దాని కింది సందులో పాతబట్టలు కుక్కి పడుకున్నాము. పొగ లేదు, వాసన లేదు, హాయిగా ఉంది. అర్ధరాత్రి దాటాక నాకు తల పగిలిపోతున్నట్లు మెలకువ వచ్చింది. లేవబోతే కాళ్ళు సహకరించలేదు. పాకుతూ వెళ్ళి ఎలాగో తలుపు తెరిచి గడప మీద పడిపోయాను. చప్పుడుకు పక్క గదివారు లేచారు. మమ్మల్ని బయటి గాలిలోకి లాగారు. ముగ్గురం తేరుకున్నాము. నాలుగో సహచరుడు తేరుకోలేదు. అతని వయస్సు పంతొమ్మిదేళ్ళు. అతని ఊరికి ఉత్తరం రాసే బాధ్యత నా మీద పడింది. నిద్రించే ముందు ఇంట్లో నిప్పు ఆర్పివేయాలన్న ప్రవక్త (స) బోధనను మేమంతా ఆ ఏడాదే హదీసు పాఠంలో చదువుకున్నాము.

బొగ్గు సరిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ఫలితంగా మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు గాని శరీరానికి ప్రాణవాయువు అందదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, మగత దాని గుర్తులు. నిద్రలో ఉన్నవానికి ఆ గుర్తులు తెలియవు. పొగ లేకపోవడం క్షేమానికి సూచన కానే కాదు. గాలి ఆడని స్నానాల గదిలోని గ్యాసు గీజరుకు కూడా ఈ మాట వర్తిస్తుంది. పిల్లలను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. నా సహచరుని సంగతి కూడా మొదటిసారి చెప్పాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత కుంపటి ప్రతిపాదించిన బాలుడే లేచి, "హజ్రత్, నా కాగితం చింపేయండి" అన్నాడు. చింపనవసరం లేదని, దానిని వంటశాల గోడకు అంటించి కింద ఎర్రసిరాతో హెచ్చరిక రాయమని చెప్పాను. అది ఇప్పటికీ అక్కడ ఉంది.

ఈ చర్చ నుండే మరొక మంచి పని జరిగింది. చలికి కిటికీలన్నీ మూసుకొని ఇరవై మంది పిల్లలు ఒకే గదిలో పడుకుంటే, ఒకరు విడిచిన గాలినే మరొకరు పీలుస్తారు. జలుబును పుట్టించేది చలి కాదు, వైరస్. మూసిన గది దాని పనిని సులభం చేస్తుంది. ఒక విద్యార్థి బృందం ఎదురెదురు కిటికీల పైభాగంలో అట్టముక్కలతో చిన్న రెక్కలు తయారు చేసింది. చలిగాలి నేరుగా పడుకున్నవారి మీదికి రాకుండా పైకప్పు వైపు మళ్ళుతుంది. గదిలో గాలి మాత్రం మారుతుంటుంది. ఖర్చు జిగురుకైన పాతిక రూపాయలు.

పేరు లేని కాగితం

పోటీ రోజు నమూనాలన్నీ హాలులో వరుసగా పేర్చారు. ముప్పై కాగితాలు బల్లమీద ఉన్నాయి. ముప్పై ఒకటవది ఉపయోగించిన నోటు పుస్తకం నుండి చింపిన సగం పేజీ. దానికి నమూనా లేదు, పేరు లేదు, తరగతి లేదు. నియమాలకు విరుద్ధం కనుక నాజిమ్ సాహెబ్ దానిని ముందే పక్కన పెట్టారు. నేను కూడా అభ్యంతరం చెప్పలేదు. వైద్యురాలు మాత్రం కాగితాలు లెక్కపెడుతూ, "ఇదేమిటి?" అని చేతిలోకి తీసుకున్నారు. వంకర టింకర అక్షరాలలో నాలుగే వాక్యాలు. చలికి దుప్పటి చాలడం లేదు, అందుకని ఇద్దరం కలిసి పడుకుంటున్నాము. ఒకరికి దురద ఉంటే రెండోవారికి వస్తోంది. చెబితే ఇంటికి పంపేస్తారు. కాబట్టి దుప్పటి మందంగా చేసే ఉపాయం కనిపెట్టాలి.

వైద్యురాలు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి నా వైపు చూశారు. "మౌలానా గారూ, పిల్లలందరినీ ఒకసారి చేతులు చాపమనండి" అన్నారు. చాపారు. కొందరు ఆలస్యంగా చాపారు. ఇంకొందరు చొక్కా చేతులను వేళ్ళ వరకు లాక్కొని చాపారు. వేళ్ళ సందులలో, మణికట్టు మీద గీరుకున్న ఎర్రటి పొక్కులు. ఆమె లెక్క ముగించేసరికి ముప్పై ఎనిమిది మంది తేలారు. అది గజ్జి.

పాఠకులు నన్ను ఇక్కడ ఒక ప్రశ్న అడగవచ్చు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు గోకుతుంటే గురువులకు కనిపించలేదా? కనిపించింది. పిల్లలు సరిగా స్నానం చేయడం లేదని మందలించాము, చలికి చర్మం పగిలిందని కొబ్బరినూనె రాసుకోమన్నాము. అంతకు ముందటి సంవత్సరం ఒక బాలుని ఒళ్ళంతా పుండ్లు కావడంతో, నయమయ్యాక రమ్మని నేనే ఇంటికి పంపాను. ఖురాన్‌లో ఆరు పారాలు కంఠస్థం చేసిన పిల్లవాడు. మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదని నేను విచారించలేదు. మిగిలిన పిల్లలు మాత్రం ఒక పాఠం నేర్చుకున్నారు: దురద ఉందని చెప్పరాదు.

గజ్జి మురికి వలన పుట్టే వ్యాధి అని మనలో చాలామంది నమ్మకం. అది తప్పు. కంటికి సరిగా ఆనని, అర మిల్లీమీటరు కూడా లేని ఒక పురుగు చర్మం పైపొరలో సొరంగం చేసుకొని గుడ్లు పెట్టడం వలన అది వస్తుంది. రోజూ స్నానం చేసేవారికి కూడా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీనిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. దాని అంచనా ప్రకారం ప్రపంచంలో ఏ సమయంలోనైనా ఇరవై కోట్ల మందికి పైగా ఈ బాధలో ఉంటారు. గోకిన పుండ్లలో సూక్ష్మజీవులు చేరితే కొందరిలో మూత్రపిండాల వరకు హాని జరిగే అవకాశం ఉంది. దీనిని చిన్నచూపు చూడరాదు.

ఈ పురుగు గురించిన జ్ఞానం మన విద్యా వారసత్వంలో లేనిదేమీ కాదు. 12వ శతాబ్దంలో అందలూసియాలో జీవించిన వైద్యుడు ఇబ్ను జుహ్ర్ చర్మంలో ఉండే ఈ సూక్ష్మ ప్రాణిని గురించి రాశారు. 1687లో ఇటలీకి చెందిన బొనోమో దానిని సూక్ష్మదర్శినితో చూసి బొమ్మ గీశాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో కెన్నెత్ మెలాన్బీ అనే కీటక శాస్త్రజ్ఞుడు, యుద్ధంలో ఆయుధం పట్టనని నిరాకరించిన యువకులను స్వచ్ఛందంగా చేర్చుకొని దీనిపై ప్రయోగాలు చేశాడు. సైనికుల దుప్పట్లను మరిగించడానికి అప్పట్లో ఎంతో వ్యయం చేస్తుండేవారు. దుప్పట్ల ద్వారా ఇది అరుదుగానే అంటుతుందని, ఎక్కువసేపు శరీరానికి శరీరం తగలడమే ముఖ్య కారణమని ఆయన ప్రయోగాలు తేల్చాయి.

వైద్యురాలు ఈ సంగతి చెప్పినప్పుడు మా పేరులేని బాలుడు రాసిన దాని లోతు మాకు అర్థమైంది. దురదకు మూలం చలి. చలికి పిల్లలు జంటలుగా ముడుచుకొని పడుకుంటున్నారు. రాత్రి ఆరేడు గంటలు ఒంటికి ఒళ్ళు తగులుతోంది. వేసవిలో తగ్గినట్లుండే గజ్జి చలికాలంలో మా గదులలో ఎందుకు పెరుగుతున్నదో ఆ సగం పేజీలో ఉంది.

దానితో పాటు మరొకటి కూడా ఉంది. పదేళ్ళు వచ్చిన పిల్లలకు పడకలు వేరు చేయాలన్న ప్రవక్త (స) బోధనను నేను ప్రతి సంవత్సరం పాఠంగా చెబుతాను. దాని పరంపరను, అందులోని పదాలను, ధర్మవేత్తల వ్యాఖ్యానాలను విడమరచి వివరిస్తాను. నేను ఆ పాఠం చెప్పే గదికి ఇరవై అడుగుల దూరంలో పదకొండేళ్ళ పిల్లలు ఒకే దుప్పటిలో వణుకుతూ పడుకుంటున్నారు.

దూది విల్లు పలికింది

ఆ మరుసటి వారం చికిత్స జరిగింది. గజ్జికి చికిత్స ఒక్కరికి చేస్తే ప్రయోజనం లేదు. ఎందుకంటే మొదటిసారి సోకినవారికి దురద మొదలు కావడానికి నాలుగు నుండి ఆరు వారాలు పట్టవచ్చు. ఈలోగా వారి నుండి ఇతరులకు అంటుతుంది. అందుకని వైద్యురాలి సూచన మేరకు విద్యార్థులు, గురువులు, వంటవారు అందరం ఒకే రాత్రి మెడ నుండి పాదాల వరకు పర్మెత్రిన్ లేపనం రాసుకున్నాము. వేళ్ళ సందులు, గోళ్ళ కింద కూడా విడిచిపెట్టలేదు. ఉదయం స్నానం చేశాము. వారం తరువాత మరొకసారి రాసుకున్నాము. బట్టలను వేడినీటిలో ఉతికి ఎండలో ఆరేశాము. ఉతకడానికి వీలుకాని వాటిని ప్లాస్టిక్ సంచులలో వారం రోజులు మూతి కట్టి ఉంచాము. మనిషి ఒంటిని విడిచిన ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బ్రతకదు. చికిత్స తరువాత కూడా కొన్ని వారాలు దురద మిగిలి ఉండవచ్చునని, మందు పనిచేయలేదని భయపడి మళ్ళీ మళ్ళీ రాయరాదని ఆమె ముందే హెచ్చరించారు. మా పాఠకులు కూడా పసిపిల్లలకు, గర్భిణులకు వైద్యుల సలహా లేకుండా ఏ లేపనమూ వాడకూడదు.

అయితే దుప్పటి సమస్య అలాగే ఉంది. మరల చలికి ముడుచుకుంటే మరల అదే కథ. నూట ఇరవై కొత్త రజాయిలు కొనే స్తోమత మాకు లేదు. అప్పుడు ఒక విద్యార్థి తన తాతగారి సంగతి చెప్పాడు. ఆయన దూదేకుల వృత్తివారు. పరుపుల దుకాణాలు వచ్చాక పని తగ్గి ఇంటి వద్దనే ఉంటున్నారు. ఆయనను పిలిపించాము. మా పాత రజాయిలను చేత్తో నొక్కి చూసి, "దూది పోలేదు మౌలానా, పడుకుంది. లేపితే లేస్తుంది" అన్నారు.

రజాయిలో వెచ్చదనాన్నిచ్చేది దూది కంటే దూది పోగుల మధ్య నిలిచే గాలి. ఏళ్ళ తరబడి నలిగి దూది అట్టకడితే గాలికి చోటుండదు. అది బరువుగా ఉంటుంది గాని వెచ్చగా ఉండదు. ఆ పెద్దాయన తన విల్లు తెచ్చుకొని మా వరండాలో పదిరోజులు కూర్చున్నారు. విల్లు తాడు పలుకుతుంటే దూది మేఘంలా లేచేది. పాత రజాయి ఒక్కటి విప్పి ఏకితే, కొద్దిగా కొత్త దూది కలిపి రెండు చిన్న రజాయిలు అయ్యాయి. ఆదిలాబాదు పత్తి నేల కనుక ఆ కొత్త దూదిని ఇద్దరు రైతులు దానంగా ఇచ్చారు. పాత చీరలను సమీప గ్రామాల ఇల్లాళ్ళు పంపారు. జనవరి మొదటి వారానికల్లా ప్రతి విద్యార్థికీ తనదంటూ ఒక పడక, అంకె కుట్టిన ఒక రజాయి ఏర్పడ్డాయి.

బహుమతి ఎవరికి?

మొదటి బహుమతి నల్ల డ్రమ్ము బృందానికే ఇచ్చాము. వారు దానికి అర్హులు. పేరు లేని కాగితానికి ప్రత్యేక బహుమతి ప్రకటిస్తామని, రాసినవారు ముందుకు రావాలని మూడుసార్లు పిలిచాము. ఎవరూ రాలేదు. అక్షరాలను బట్టి కనిపెట్టవచ్చునని ఒక ఉపాధ్యాయుడు అన్నారు. వద్దన్నాను. ఆ బాలుడు తన పేరును ఎందుకు దాచుకున్నాడో నాకు తెలుసు. ఆ భయాన్ని అతని మనస్సులో నాటింది నేనే. అది పోయేవరకు వేచి ఉండవలసిందీ నేనే.

ఇంటికి పంపిన ఆ పాత విద్యార్థిని వెతుక్కుంటూ ఫిబ్రవరిలో వాళ్ళ ఊరు వెళ్ళాను. పంక్చర్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. ఒళ్ళు నయమైంది. సలాం చేసి టీ తెప్పించాడు. తిరిగి రమ్మని అడిగాను. "ఇంట్లో జరగాలి కదా హజ్రత్" అని తల వంచుకున్నాడు. ఆరు పారాలలో ఎంత గుర్తున్నదని అడిగే ధైర్యం నాకు కలగలేదు. ఇప్పుడు నెలకొకసారి శుక్రవారం అక్కడికి వెళ్ళి, దుకాణం మూసే వేళ అతనితో ఒక పుట చదివిస్తున్నాను.

మా ప్రయత్నం సంపూర్ణంగా ఫలించిందని చెప్పను. రంజాను సెలవులకు ఇళ్ళకు వెళ్ళి వచ్చినవారిలో ఏడుగురికి మళ్ళీ గజ్జి కనిపించింది. కుటుంబంలో చికిత్స జరగకపోతే ఒక్క విద్యార్థికి చేసి లాభం లేదని అప్పుడు తెలిసింది. ఈసారి ఎవరినీ ఇంటికి పంపలేదు. సెలవులకు ముందే తల్లిదండ్రులకు ఒక చీటీ ఇచ్చే పద్ధతి మొదలుపెట్టాము. ఒక తేడా మాత్రం ఉంది. ఆ ఏడుగురూ తమంతట తామే వచ్చి చేతులు చూపారు.

సోదర సోదరీమణులారా! ఈ చలికాలంలో మీ ఇంట్లో కూడా ఇలాంటి చిన్న పోటీ పెట్టవచ్చు. దానికి డబ్బు అక్కరలేదు. రాత్రి భోజనాలయ్యాక పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చి, చలికాలంలో మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఏమిటో రాయమనండి. నానమ్మకు రాత్రి బాత్రూముకు వెళ్ళే దారి చల్లగా ఉంటుందని ఒకరు రాయవచ్చు. వేరొకరు తమ్ముడు పక్క తడిపిన రోజు తిట్లకు భయపడి తడి దుప్పటిలోనే పడుకుంటున్నాడని రాయవచ్చు. మనకు తెలియని చలి మన ఇంట్లో ఎంత ఉందో ఆ కాగితాలు చెబుతాయి.

మా మద్రసాలో ఈ డిసెంబరులో మళ్ళీ పోటీ ఉంది. నియమాలను కొద్దిగా మార్చాము. నమూనా తప్పనిసరి కాదు. ముందుగా కష్టాన్ని రాయాలి, ఉపాయం ఆ తరువాత. పేరు రాయడం, రాయకపోవడం వారి ఇష్టం. మస్జిద్ మెట్ల పక్కన ఒక డబ్బా పెట్టాము. నిన్న సాయంత్రం వరకు అందులో పదకొండు కాగితాలు పడ్డాయి. ఒక్కదాని మీద తప్ప అన్నిటి మీదా పేర్లు ఉన్నాయి.